ప్రశ్నలు – జవాబులు: 19వ శతాబ్దపు ఐరిష్ పల్లెసీమ

ఐర్లండ్ పల్లెల చరిత్ర గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. ఐర్లండ్ మీద రాసిన పుస్తకాల్లో పారిష్, టౌన్‌ల్యాండ్ అనే మాటలు అడుగడుగునా వస్తున్నాయి. పారిష్ అంటే ఒక గ్రామమా, లేక ఒక చర్చి పరిధిలోని ప్రాంతమా?

జవాబు: 19వ శతాబ్దపు ఐర్లండ్‌లో ఒకే నేల మీద రెండు రకాల పారిష్‌లు ఉండేవి. మొదటిది ప్రభుత్వ లెక్కల్లోని సివిల్ పారిష్. మధ్యయుగంలో చర్చి గీసిన హద్దుల నుంచి వచ్చిన ఈ విభాగాన్నే పన్నులకూ, జనగణనకూ, భూముల విలువ కట్టడానికీ వాడేవారు. దేశం మొత్తం మీద ఇవి రెండున్నర వేల దాకా ఉండేవి. రెండోది కతోలిక పారిష్, అంటే తెలుగు కతోలికులు విచారణ అని పిలిచేది. 16వ శతాబ్దంలో పాత చర్చి భవనాలూ, వాటి ఆదాయమూ ప్రభుత్వం గుర్తించిన ప్రొటెస్టెంట్ చర్చి చేతికి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత గురువులూ (అంటే చర్చి పూజారులూ) డబ్బూ చాలని కతోలికులు చాలాచోట్ల రెండు మూడు పాత పారిష్‌లను కలిపి ఒకే విచారణగా నడుపుకొన్నారు. అందువల్ల ఒకే పేరుతో ఉన్న సివిల్ పారిష్ హద్దులూ, కతోలిక పారిష్ హద్దులూ చాలాచోట్ల ఒకదానితో ఒకటి సరిపోవు. మీ పుస్తకం ఏ పారిష్ గురించి మాట్లాడుతోందో ముందుగా చూసుకోండి.

అయితే అక్కడి రైతు జీవితం అర్థం కావాలంటే పారిష్ కన్నా ముందు టౌన్‌ల్యాండ్‌ను తెలుసుకోవాలి. పేరులో టౌన్ ఉన్నా అందులో పట్టణం ఏమీ ఉండదు. అది ఒక వాగు నుంచి మరో వాగు దాకానో, కొండ అంచు నుంచి బురదనేల అంచు దాకానో ఉండే సగటున 300 ఎకరాల పైచిలుకు నేల. దేశంలో ఇలాంటివి 60,000కు పైగా ఉన్నాయి. కౌలు పత్రం రాసుకున్నా, పన్ను కట్టినా, ఫలానావాడు ఎక్కడివాడని అడిగినా టౌన్‌ల్యాండ్ పేరే చెప్పేవారు. 1824లో థామస్ కోల్బీ ఆధ్వర్యంలో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే, పన్ను భారాన్ని సమంగా పంచడం కోసం ఈ హద్దులన్నిటినీ నేల మీద నడిచి కొలిచి, మైలుకు 6 అంగుళాల చొప్పున పటాలు గీసింది. పేర్లను సరిచూసే పని 1830 నుంచి జాన్ ఓడోనవన్ అనే పండితుడికి అప్పగించారు. ఆయన పారిష్ తర్వాత పారిష్ తిరిగి, ఐరిష్ మాట్లాడే వృద్ధులను అడిగి, తాను విన్నదంతా ఉత్తరాలుగా డబ్లిన్ కార్యాలయానికి రాసి పంపేవాడు. 1845లో దుంప తెగులుతో మొదలైన మహాకరువుకు ముందటి ఐర్లండ్‌ను తెలుసుకోవాలనుకునేవారికి నేను ముందుగా చూపించేది ఆ ఉత్తరాలనే.

ప్రశ్న: బంగాళాదుంపలు తినే బతికారని అంటారు. ఏడాది పొడవునా ఒకే దుంప తిని మనిషి బతకగలడా? వాళ్ళ ఇళ్ళు, వంట ఎలా ఉండేవో వివరంగా చెప్పండి.

జవాబు: 1837లో డోనిగాల్ కౌంటీ పడమటి తీరాన ఉన్న వెస్ట్ టుల్లాహోబెగ్లీ పారిష్ బడిపంతులు ప్యాట్రిక్ మెకై, తన ఊరివాళ్ళ ఆకలిని ప్రభుత్వం దృష్టికి తేవడానికి ఐర్లండ్‌లో బ్రిటిష్ రాజు ప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్‌కు ఒక విన్నపం రాశాడు. అందులో వేలమంది ఉన్న ఆ పారిష్ మొత్తంలోని వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూపించాడు. బండి ఒకటి, నాగలి ఒకటి, పారలు 20, గడ్డి పోగుచేసే పళ్ళకర్రలు 32, కుర్చీలు 93, పీటలు 243, భోజనానికి వాడే ఫోర్కులు 7, ఈకల పరుపులు 2, జేబు గడియారాలు 3. గోడ గడియారం ఒక్కటి కూడా లేదు. మూడు పెన్నీలకు మించిన అద్దం లేదు. పండ్ల చెట్టు లేదు. బంగాళాదుంప, క్యాబేజీ తప్ప మరో కూరగాయ పండదు. చర్చి, బడి, గురువుగారి ఇల్లు, పోలీసుల బస వంటి కొన్ని కట్టడాలను పక్కన పెడితే, పారిష్ మొత్తం కిటికీల్లోని గాజు 10 చదరపు అడుగులకు మించదు. సహాయం అడుగుతూ రాసిన విన్నపం కాబట్టి లేమిని ఎత్తి చూపే ఉద్దేశం అందులో ఉండే ఉంటుంది. అయినా ఎవరైనా వచ్చి లెక్క సరిచూసుకోవచ్చన్నంత వివరంగా రాశాడు ఆయన. అక్కడి పొలాలు ఎంత చిన్నవంటే, గడ్డి పళ్ళకర్రతోనే మట్టిని చదును చేస్తారనీ, ఒక్క రోజులో నాలుగు నుంచి పది పొలాల దాకా ఆ పని అయిపోతుందనీ రాసిన వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

దేశమంతా ఇంత పేదరికంలో లేదు. తూర్పున, దక్షిణాన ముప్ఫై నలభై ఎకరాలు సాగు చేసే రైతులు సున్నం కొట్టిన రాతి ఇళ్ళలో ఉండేవారు. కానీ 1841 జనగణన ఇళ్ళను నాలుగు తరగతులుగా విడదీసినప్పుడు, అన్నిటికన్నా కింది తరగతిలో, అంటే ఒకే గది ఉన్న మట్టి గుడిసెల్లో సుమారు 4 లక్షల 91 వేలు లెక్కకు వచ్చాయి. చాలా గుడిసెలకు పొగగొట్టం ఉండేది కాదు. పొగ తలుపులోంచో, కప్పులోని రంధ్రంలోంచో పోవాల్సిందే. ఆవు ఉంటే చలికాలంలో అదీ ఇంట్లోనే ఒక పక్కన ఉండేది. పొయ్యిలోకి కట్టెలు దొరికేవి కావు, ఎందుకంటే అడవులు అప్పటికే దాదాపు అంతరించాయి. బురదనేలలో వేల ఏళ్ళుగా మొక్కలు కుళ్ళి పేరుకుపోయిన పీట్ అనే నల్లమట్టినే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాల్చేవారు. మే, జూన్ నెలల్లో పక్కన రెక్క ఉన్న సన్నని పారతో తడి ఇటుకలను కోసి పరిచేవారు. పైభాగం గట్టిపడగానే నాలుగైదింటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి గాలికి ఆరనిచ్చేవారు. ఆరిన తర్వాత గాడిద మీదనో, తమ వీపు మీద బుట్టల్లోనో ఇంటికి మోసుకువచ్చేవారు. వేసవి వానలకు పీట్ ఆరకపోతే ఆ చలికాలం పొయ్యి సరిగా వెలగదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్నే దాన్ని తీసి మళ్ళీ రాజేసేవారు.

బంగాళాదుంపలను మూడు కాళ్ళ ఇనుప కుండలో తొక్కతోనే ఉడికించి, నీళ్ళు వడకట్టడానికి వెడల్పాటి అల్లిక బుట్టలో గుమ్మరించి, ఆ బుట్టను కుండ మీదే పెట్టేవారు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చుని, వేడి దుంపను చేత్తో ఒలిచి, ఉప్పుతోనూ, ఉన్నప్పుడు మజ్జిగతోనూ తినేవారు. కష్టం చేసే మగమనిషి రోజుకు 5 కిలోల దాకా తినేవాడు. పాలు గానీ మజ్జిగ గానీ తోడైతే ఆ తిండి శరీరానికి చాలినంతే, అందువల్ల మనిషి ఒక్క దుంపతో బతకగలడా అన్న మీ ప్రశ్నకు జవాబు అవుననే. అసలు చిక్కు దుంప నిలవ ఉండకపోవడంలో ఉంది. అక్టోబరులో తవ్విన దుంపలు వేసవి మొదలయ్యేసరికి అయిపోయేవి. కొత్త పంట వచ్చేదాకా జూన్, జులై, ఆగస్టు నెలలు ఆకలి నెలలు. ఆ రోజుల్లో మగవాళ్ళు కోతపనికి స్కాట్లాండ్‌కో ఇంగ్లండ్‌కో ఓడ ఎక్కితే, ఆడవాళ్ళు గుమ్మానికి తాళం వేసి, తమను గుర్తుపట్టని దూరపు పారిష్‌లకు పిల్లలతో కలిసి బిచ్చానికి వెళ్ళేవారు. 1836లో పేదల స్థితిపై నివేదిక ఇచ్చిన సంఘం, దాదాపు 23 లక్షల 85 వేల మందికి సంవత్సరంలో 30 వారాల పాటు సాయం అవసరమవుతుందని లెక్కగట్టింది. ఇది కరువు సంవత్సరం లెక్క కాదు, మామూలు సంవత్సరానిదే.

ఓట్స్, వెన్న, గుడ్లు కూడా ఆ పొలాల్లో, ఆ ఇళ్ళలో పుట్టినవే. పందిని మేపగలిగిన ఇంట్లో పందీ ఉండేది. వాటిని ఎందుకు తినలేదంటే, అవి కౌలు కోసం. కౌలు మే 1న, నవంబరు 1న చెల్లించాలి. తినేది దుంప, అమ్మేది మిగతాదంతా.

ప్రశ్న: చుట్టూ సముద్రం ఉండగా కరువులో చేపలు పట్టుకుని ఎందుకు బతకలేకపోయారు?

జవాబు: తీరంలో చేపల్ని పట్టేవారు, ఉప్పు చేపలు దుంపలతో నంజుకునేవారు కూడా. కానీ పడమటి తీరంలో ఎక్కువమందికి ఉన్నవి కర్రాక్ అనే తేలికపాటి పడవలే. కర్ర చట్రం మీద తోలో, తారు పూసిన గుడ్డో బిగించి కట్టినవి అవి. చలికాలపు అట్లాంటిక్‌లో చేపలు దూరంగా, లోతుకు వెళ్ళిపోతే ఆ పడవలతో వెంటపడడం ప్రాణాలతో చెలగాటమే. రేవులు తక్కువ, పట్టిన చేపను మార్కెట్‌కు చేర్చే రోడ్లు ఇంకా తక్కువ. గాల్వే పక్కన క్లాడా జాలర్లు పేరుపడ్డవాళ్ళే అయినా, కరువు కాలంలో గింజల కోసం వలలనూ సామగ్రినీ తాకట్టు పెట్టుకున్నారు. తాకట్టులోంచి వల బయటికి రాకపోతే చేప ఎలా వస్తుంది? తీరంలోని పారిష్‌లకు సముద్రం ఇచ్చిన పెద్ద ఆధారం నిజానికి నాచు. పొలానికి ఎరువు అదే. దాన్ని కాల్చి బూడిద అమ్మి కౌలు కట్టినవారూ ఉన్నారు.

ప్రశ్న: జనం కతోలికులైతే ప్రొటెస్టెంట్ చర్చికి దశమభాగం ఎందుకు చెల్లించారు? ఎదురు తిరగలేదా?

జవాబు: దశమభాగం అంటే పంటలో పదో వంతు చొప్పున చర్చికి ఇవ్వాల్సిన పన్ను. చట్టం అలా ఉంది కాబట్టి చెల్లించారు, ఓపిక నశించాక ఎదురు తిరిగారు కూడా. 1834లో తీసిన లెక్క ప్రకారం సుమారు 79 లక్షల జనాభాలో కతోలికులు 64 లక్షలకు పైనే ఉంటే, ప్రభుత్వ చర్చికి చెందినవారు 8.5 లక్షలు. చాలా పారిష్‌లలో ప్రొటెస్టెంట్ గురువు ఆరాధన చేసేది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే కుటుంబాలకే. అయినా ఆయన ఆదాయం చుట్టూ ఉన్న కతోలిక రైతుల పంట నుంచే రావాలి. ఇందులో మరో అన్యాయం ఉంది. 18వ శతాబ్దం నుంచి పశువుల మేత భూముల మీద దశమభాగం దాదాపు పడేది కాదు. వందల ఎకరాల గడ్డిమైదానంలో పశువులను మేపే భూస్వామి తప్పించుకునేవాడు, అరెకరంలో దుంప వేసే కూలి మాత్రం చాలాచోట్ల చెల్లించేవాడు. 1823 చట్టం దీన్ని డబ్బు రూపంలోకి మార్చి, మేత భూములనూ లెక్కలోకి తెచ్చింది. దాంతో పెద్ద రైతులు కూడా కోపంతో పేదల పక్కన చేరారు. 1829లో కతోలికులకు పార్లమెంటులో కూర్చునే హక్కు వచ్చాక, ఇంకా ఈ చెల్లింపు దేనికన్న ప్రశ్న బలపడింది. 1830 చివర్లో నిరాకరణ మొదలైంది. అధికారులు బకాయికి ఆవును జప్తు చేసి వేలం వేస్తే కొనేవాడు ఒక్కడూ ముందుకు రాని రోజులు వచ్చాయి. 1831 డిసెంబరు 14న కిల్కెన్నీ కౌంటీ క్యారిక్‌షాక్ దగ్గర, నోటీసులు అందించే వ్యక్తికి కాపలాగా వచ్చిన పోలీసులను ఇరుకు దారిలో జనం చుట్టుముట్టారు. పదిమందికి పైగా పోలీసులు, ముగ్గురు స్థానికులు చనిపోయారు. 1838లో దశమభాగాన్ని నాలుగో వంతు తగ్గించి, వసూలు బాధ్యతను భూస్వాములకు మార్చారు. వాళ్ళు దాన్ని కౌలులో కలిపేశారు. ప్రభుత్వ చర్చి హోదా రద్దయింది 1869 చట్టంతో, అమలైంది 1871 జనవరి 1న.

ఈలోగా కతోలికుల పూజ చాలాకాలం గడ్డి కప్పిన సాదా శాలల్లో జరిగింది. గురువు వంతులవారీగా ఇళ్ళకు వచ్చి పూజ చేసేవాడు, పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినేవాడు, తనకు రావలసిన సొమ్మూ తీసుకునేవాడు. పునీతుల బావుల దగ్గర పండుగ రోజున జనం చుట్టూ ప్రదక్షిణలు చేసి, సాయంత్రం ఆటపాటలతో, తాగుడుతో, కొన్నిసార్లు కొట్లాటలతో ముగించేవారు. 1850లో థర్ల్స్ పట్టణంలో సమావేశమైన కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) జ్ఞానస్నానాలూ పెళ్ళిళ్ళూ ఇళ్ళలో కాక చర్చిలోనే జరగాలని గట్టిగా చెప్పారు. కొత్తగా లేచిన పెద్ద రాతి చర్చిల చుట్టూ పారిష్ జీవితం చేరడం ఆ తర్వాతే.

ప్రశ్న: ఐర్లండ్ పడమటి ప్రాంతపు ఫొటోల్లో ఎటు చూసినా ఖాళీ కొండలు, పచ్చిక, రాతి గోడలు కనిపిస్తాయి. ఆ నేల ఎప్పుడూ అలాగే ఉండేదా?

జవాబు: లేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఆ ఖాళీతనం ప్రకృతి ఇచ్చింది కాదు. 1841లో ఐర్లండ్ జనాభా 81 లక్షల 75 వేలు. నేడు గొర్రెలు మేసే వాలుల్లో చాలాచోట్ల అప్పుడు సాగు జరిగేది. మేయో కౌంటీ అకిల్ దీవిలో స్లీవ్‌మోర్ కొండ పాదాన పైకప్పులు లేని 80కి పైగా రాతి ఇళ్ళు వరుసగా నిలిచి ఉన్నాయి. చుట్టూ ఉన్న పచ్చికను ఏటవాలు ఎండలో చూస్తే సమాంతరంగా సాగే బోదెలు తేలి కనిపిస్తాయి. అవి దుంప బోదెలు. నేల మీద నాచో, పేడో పరిచి, దాని మీద విత్తనపు దుంపలు పెట్టి, రెండు పక్కలా కాలువ తవ్వి ఆ మట్టిని పైన కప్పితే బోదె అవుతుంది. నీరు నిలిచే బురదనేలలోనూ, నాగలి ఎక్కని వాలులోనూ పంట తీయగలిగింది ఈ పద్ధతే.

పడమటి ఐర్లండ్‌లో భూమిని పంచుకునే తీరు కూడా ఇప్పుడు కనిపించే గోడల్లా ఉండేది కాదు. రన్‌డేల్ అనే ఆ పద్ధతిలో ఒక టౌన్‌ల్యాండ్‌ను కొన్ని కుటుంబాలు ఉమ్మడిగా కౌలుకు తీసుకునేవి. ఇళ్ళన్నీ ఒకే చోట గుంపుగా ఉండేవి. ప్రతి కుటుంబానికీ మంచి నేలలో కొంత, మధ్యరకంలో కొంత, చవిటిలో కొంత వచ్చేలా ముక్కలు పంచుకుని, కొండ మేతను అందరూ కలిసి వాడుకునేవారు. వేసవిలో పశువులను కొండ మీదికి తోలుకెళ్ళి అక్కడి గుడిసెల్లో ఉండి వెన్న తీసేవారు. తండ్రి వాటా కొడుకుల మధ్య విడిపోతూ పోయేసరికి ముక్కలు మరీ చిన్నవయ్యాయి. 1838 నుంచి గ్వీడోర్‌లో, అంటే మెకై రాసిన ఆ పారిష్‌లోనే, భూములు కొన్న లార్డ్ జార్జ్ హిల్ ఈ పద్ధతిని ఎత్తిచూపుతూ కొన్ని సంగతులు నమోదు చేశాడు. అరెకరం పొలంలో 26 మందికి వాటాలు ఉన్నాయట. ఒకాయన భూమి 32 చోట్ల చెదిరి ఉంటే, విసిగి వదులుకున్నాడట. పక్క దీవిలో ఒక గుర్రానికి ముగ్గురు యజమానులు ఉండగా, ఒక్కొక్కరూ ఒక్కో కాలికి నాడా వేయించారట. నాలుగో కాలు ఎవరిదీ కాకపోవడంతో గుర్రం కుంటిదైందట.

ఈ కథలు చెప్పింది పద్ధతిని మార్చదలుచుకున్న భూస్వామి అని గుర్తుంచుకోవాలి. హిల్ రోడ్లు, రేవు, ధాన్యపు దుకాణం కట్టించాడన్నదీ నిజమే. కానీ ఆయన ఒక్కొక్క కుటుంబానికీ ఒకే పొడవాటి పట్టీ కేటాయించి, పాత గుంపు ఇళ్ళను విప్పించి, ఎవరి పట్టీలో వాళ్ళు ఇల్లు కట్టుకునేలా చేశాడు. తర్వాత ఉమ్మడి కొండ మేతను రైతుల చేతుల్లోంచి తీసేసి, స్కాట్లాండ్ నుంచి వచ్చిన గొర్రెల పెంపకందారులకు అప్పగించారు. 1857–58లో గొర్రెలు మాయమైతే, ఆ నష్టాన్నీ, అదనపు పోలీసుల ఖర్చునూ పారిష్ జనం మీదే పన్నుగా వేశారు. చదువుకున్నవాళ్ళు వెనుకబాటుతనం అని కొట్టిపారేసిన రన్‌డేల్‌లో మంచీ చెడూ పదిమందీ పంచుకునే న్యాయం ఒకటి ఉందని నేను అనుకుంటాను. కొండవాలు మీద నిచ్చెన మెట్లలా కనిపించే ఆ తిన్నని గోడల్లో చాలా భాగం 19వ శతాబ్దపు కొత్త పంపకాల గుర్తులే.

ఇక కరువు. 1845 సెప్టెంబరులో ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ అనే తెగులు పొలాల్లో కనిపించింది. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. 1847లో తెగులు తక్కువే అయినా, విత్తనపు దుంపలను అప్పటికే తినేయడంతో నాటింది చాలా కొంచెం. 1848లో మళ్ళీ తెగులు. సుమారు 10 లక్షల మంది ఆకలికీ, దాని వెంట వచ్చిన జ్వరాలకూ చనిపోయారు. అంతకు మించి వలస పోయారు. అయితే ఇళ్ళు ఖాళీ అయింది తెగులు వల్ల మాత్రమే కాదు, రెండు చట్టాల వల్ల కూడా. 1847 చట్టంలోని ఒక నిబంధన ప్రకారం పావు ఎకరం కన్నా ఎక్కువ నేల చేతిలో ఉన్నవాడికి ప్రభుత్వ సాయం అందదు. అంటే పిల్లలకు గంజి కావాలంటే భూమి వదులుకోవాలి. అంతకుముందే ఉన్న మరో నిబంధన ప్రకారం విలువ 4 పౌండ్లు మించని కమతాల మీద పేదల సహాయ పన్నును రైతు బదులు భూస్వామి కట్టాలి. కాబట్టి చిన్న రైతు ఎంతమంది ఉంటే భూస్వామికి అంత ఖర్చు. వెళ్ళగొట్టి కప్పు పీకేస్తే ఖర్చు పోతుంది. 1849–54 మధ్య పోలీసులు నమోదు చేసిన లెక్కల్లోనే 2 లక్షలకు పైగా మనుషులు శాశ్వతంగా ఇళ్ళలోంచి బయటపడ్డారు. ఆ మట్టి గుడిసెలు 1851 నాటికి 1 లక్షా 35 వేలకు పడిపోయాయి. జనాభా 65.5 లక్షలకు తగ్గింది. కరువు తగ్గాక కూడా వెళ్ళగొట్టడం ఆగలేదు. 1861 ఏప్రిల్‌లో గ్వీడోర్‌కు దగ్గర్లోని డెరీవే లోయలో జాన్ జార్జ్ అడైర్ 47 కుటుంబాలను, 244 మందిని ఖాళీ చేయించాడు. మనుషులు పోయిన నేలలో ధాన్యం బదులు పశువులు, గొర్రెలు వచ్చాయి. మీరు ఫొటోల్లో చూస్తున్న పచ్చిక చాలావరకు అలా పరుచుకున్నదే.

ప్రశ్న: ఒక పారిష్‌ను ఎంచుకుని పరిశోధించాలంటే ఏ రికార్డులు చూడాలి?

జవాబు: 1821 నుంచి 1851 దాకా జరిగిన జనగణన పత్రాలు దాదాపు అన్నీ 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల భవనంతో పాటు కాలిపోయాయి. 1861 నుంచి 1891 దాకా తీసినవాటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. కాబట్టి వాటి బదులు రెండు భూమి రికార్డుల మీద ఆధారపడాలి. 1823–38 మధ్య దశమభాగం లెక్క కోసం తయారైన పుస్తకాల్లో సాగుదారుల పేర్లూ, నేల రకమూ ఉంటాయి. 1847–64 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన మదింపులో టౌన్‌ల్యాండ్ వారీగా ఎవరి దగ్గర ఎవరు కౌలుకు ఉన్నారో, ఇంటి విలువెంతో ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆర్డ్‌నెన్స్ సర్వే మొదటి పటం మీద ఇళ్ళ గుర్తులు లెక్కపెడితే, కరువుకు ముందూ తర్వాతా ఒక టౌన్‌ల్యాండ్‌లో ఎన్ని పేర్లు మాయమయ్యాయో చూడవచ్చు. కతోలిక విచారణల రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. చాలా పల్లెల్లో అవి 1820ల తర్వాతే మొదలవుతాయి. 1901, 1911 జనగణన పత్రాలు పూర్తిగా మిగిలాయి, ఉచితంగానే చూడవచ్చు. మొదలుపెట్టడానికి ఏదైనా ఒక్క టౌన్‌ల్యాండ్ చాలు. పారిష్ మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవద్దు.